లెక్కకు మించిన దవడపండ్లు

మానవ శరీరమందలి అవయవములకు సాధారణముగా నొక లెక్క గలదు. ఆ లెక్క యొక్కొక్కప్పుడు తప్పుటయు గలదు. గాతునొద్ద జరిగిన యుద్ధమున చేతికి ఆఱేసి వ్రేళ్లును కాలికి ఆఱేసి వ్రేళ్లును గల మిక్కిలి యెత్తరి యొకడుండెనని సమూయేలు రెండవ గ్రంథము 21వ అధ్యాయమున చదువుచున్నాము. ఆఱవ వ్రేలు గల బిడ్డలు మన గ్రామములందును అక్కడక్కడ కనబడుదురు. వ్రేలు కంటి కగపడును గనుక దానిని అందఱు నెఱుగుదురు. దవడ మూలను దాగియుండు అధిక దంతము నెఱిగినవారు మాత్రము కొందఱే.

అట్టి అధిక దంతములలో దవడపండ్ల తావున కలుగువానిని గూర్చియు, వైద్యులు వానిని కనుగొను రీతిని గూర్చియు, వాని చికిత్సను గూర్చియు ఈ వ్యాసమున తెలుపగోరుచున్నాము. అధికముగా నున్నంత మాత్రమున పన్నును తీసివేయనక్కఱలేదు. నొప్పి లేనంత మాత్రమున దానిని మఱచిపోవనురాదు. ముందు లెక్కించి, పిమ్మట పరీక్షించి, ఆపైన నిర్ణయింపవలెను. ఇదియే మేము చెప్పదలచిన విషయము.

పండ్ల లెక్క

బిడ్డలకు పాలపండ్లు 20. ఇవి సుమారు ఆఱవ మాసమున మొదలై మూడేండ్లలోపల పూర్తియగును. పెద్దలకు స్థిరదంతములు 32. నోటిని కుడి యెడమలుగను, పైదవడ క్రిందిదవడలుగను నాలుగు భాగములు చేసినయెడల ఒక్కొక్క భాగమున ముందునుండి వెనుకకు కొఱుకు పండ్లు రెండు, కోఱపన్ను ఒకటి, చిన్న దవడపండ్లు రెండు, పెద్ద దవడపండ్లు మూడు, వెరసి ఎనిమిది యుండును. పెద్ద దవడపండ్లలో మొదటిది సుమారు ఆఱవ యేట, రెండవది పండ్రెండవ యేట, మూడవది పదునేడు మొదలు ఇరువదియైదేండ్ల నడుమ వచ్చును. ఈ మూడవదానినే జ్ఞానదంతమందురు. కొందఱికి ఇది యెన్నటికిని రాదు.

ఇచ్చట తలిదండ్రులు గమనింపవలసిన సంగతులు రెండు గలవు. ఆఱవ యేట వచ్చు దవడపన్ను ఏ పాలపన్నును ఊడదీయకయే వాని వెనుక మొలచును. అందుచేత కొందఱు దానిని అధికమైన పన్ననియు, మఱికొందఱు ఊడిపోవు పాలపన్ననియు తలంచి యుపేక్షింతురు. అది జీవితకాలమంతయు నుండవలసిన పన్ను. మఱియు ఒక పాలపన్ను ఊడకమునుపే దాని స్థిరదంతము ప్రక్కనుండి మొలచిన, పండ్లు రెండు వరుసలుగా కనబడును. ఇదియు అధిక దంతము కాదు. వయస్సు నెఱిగి లెక్కించినగాని పండ్ల లెక్క సరిపడదు.

అధిక దంతము ఎచ్చట, ఎట్లు కలుగును?

స్థిరదంతములలో లెక్కకు మించిన పన్ను నూటికి ఒకరు మొదలు ముగ్గురి వఱకు కనబడునని వైద్యులందురు. వీనిలో ఎక్కువభాగము పైదవడ ముందుపండ్ల నడుమ మొలచును. దవడపండ్ల తావున కలుగునవి రెండు విధములు. జ్ఞానదంతమునకు వెనుక మొలచునది మొదటిది. దీనిని డిస్టోమోలార్ అనియు, నాలుగవ దవడపన్ను అనియు పిలుతురు. దవడపండ్ల ప్రక్కన, బుగ్గవైపునగాని నాలుకవైపునగాని మొలచునది రెండవది. దీనికి పారామోలార్ అని పేరు. డచ్చి శరీరశాస్త్రజ్ఞుడగు లూయీ బోల్క్ 1916వ సంవత్సరమున వీనిని గూర్చి విపులముగా వ్రాసెను. ఇవి క్రిందిదవడలోకంటె పైదవడలో తఱచుగా కనబడును. కొన్ని మేకువలె మొనదేలి చిన్నవిగా నుండును; కొన్ని మామూలు దవడపన్ను నచ్చముగా పోలియుండును.

వీనికి కారణమేమి? తల్లిగర్భమున ఆఱవ వారమునందే శిశువు దవడలలో పండ్లకు మూలమగు సన్నని పొర యేర్పడును. అందుండియే పండ్ల మొగ్గలు పుట్టును. పెద్ద దవడపండ్లు మూడును ఆ పొర వెనుకకు సాగుటవలన నొకదాని తరువాత నొకటి కలుగును. ఆ పొర ఆగవలసినచోట నాగక మఱికొంత పనిచేసినయెడల అధికమైన మొగ్గ పుట్టునని నేటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది యభిప్రాయము. కొన్ని కుటుంబములలో తండ్రికిని బిడ్డకును ఇట్టి పన్ను కనబడుటవలన వంశపారంపర్యమును కొంత కారణమని తెలియుచున్నది.

పూర్వపు జంతులక్షణము మరల బయలుపడుటయే దీనికి కారణమని కొందఱు వాదించిరి. పందికి 44 పండ్లుండుట నిజమే. కాని పందికి సైతము ఒక్కొక్క భాగమున పెద్ద దవడపండ్లు మూడే! నాలుగేసి గలవి కంగారువంటి సంచిజంతువులు. కావున ఆ వాదము నాలుగవ దవడపన్నునకు సరిపడకున్నది.

కలుగగల హాని

ఇట్టి పండ్లలో పెక్కు ఏ బాధయు కలిగింపక ఎముకలోనే యుండిపోవును. మఱియొక కారణమున ఎక్స్‌రే తీసినప్పుడు మాత్రమే బయలుపడును. అయినను కొన్ని హాని చేయును. ప్రక్కన మొలచిన పన్నునకును అసలు పన్నునకును నడుమ అన్నపు మెతుకులు చిక్కుకొని, పుల్లకును బ్రష్షునకును అందక కుళ్లి, రెండు పండ్లను పుచ్చజేయును. చిగురు వాచి చీము పట్టును. బుగ్గవైపు మొలచినది నమలునప్పుడు బుగ్గ నొఱసి పుండు చేయును. ఎముకలో దాగినది ప్రక్కపన్నును రానీయక అడ్డగించును; లేక దాని వేరును కొంచెము కొంచెముగా అరుగదీయును. ఒక్కొక్కప్పుడు దాగిన పన్ను చుట్టును నీటితిత్తి యేర్పడి, నొప్పి తెలియకుండగనే పెరిగి దవడయెముకను డొల్లచేయును. ఇందువలననే నొప్పి లేదని ఊరకుండరాదంటిమి.

వేఱొక ముఖ్యవిషయము గలదు. ఒకే నోటిలో అనేకములైన అధిక దంతములున్నయెడల వైద్యుడు నోటితో నాగక శరీరమంతయు పరీక్షింపజేయును. మెడయెముకలు చిన్నవై, లేక బొత్తిగా లేకయుండు ఒక జన్మలోపమున ఇట్లగును. పెద్దప్రేగులో కంతులు పుట్టి, కాలక్రమమున కేన్సరుగా మాఱు గార్డ్‌నర్ వ్యాధియందును ఇట్లు కనబడవచ్చును. పండ్ల లెక్క యొక్కొక్కప్పుడు ప్రాణరక్షణకు సైతము దారిచూపును.

కనుగొను విధము

వైద్యుడు మొదట పండ్లను లెక్కించును. చిన్న అద్దముతో బుగ్గవైపును నాలుకవైపును చూచును. ఏ పన్ను రావలసిన కాలమున రాలేదో విచారించును. పిమ్మట ఎక్స్‌రే తీయించును. రాంట్‌గెన్ పండితుడు 1895లో ఈ కిరణములను కనుగొనెను. మఱుసటి సంవత్సరము జనవరిలోనే జర్మనీ దేశపు దంతవైద్యుడు ఆటో వాల్కాఫ్ తన పండ్లకు చిత్రము తీసికొనెను. అందులకై 25 నిమిషములు కదలకుండ నుండవలసివచ్చెను. ఇప్పుడు చిన్న చిత్రమునకు ఒక సెకనులో కొంతభాగము చాలును. రెండు దవడలును ఒకేసారి కనబడు పెద్ద చిత్రమును సైతము కొలది సెకనులలో తీయుదురు.

అయితే చిత్రము చదునైనది. దాగిన పన్ను బుగ్గవైపున నున్నదో నాలుకవైపున నున్నదో ఒక్క చిత్రమువలన తెలియదు. ఇందులకు 1910లో క్లార్క్ అను నాయన యొక యుపాయమును తెలిపెను. విద్యార్థులారా! రైలు కిటికీనుండి చూచునప్పుడు దగ్గఱి స్తంభము వెనుకకు పరుగెత్తుచున్నట్లును, దూరపు కొండ మనతోకూడ వచ్చుచున్నట్లును తోచును గదా! అట్లే ఎక్స్‌రే గొట్టమును కొంచెము ప్రక్కకు జరిపి రెండవ చిత్రమును తీయుదురు. గొట్టము బుగ్గ వెలుపలనుండును. దాగిన పన్ను గొట్టము జరిగిన దిక్కునకే జరిగినట్లు కనబడినయెడల అది దూరపు కొండవంటిది, అనగా నాలుకవైపున నున్నది. ఎదురుదిక్కునకు జరిగినయెడల అది దగ్గఱి స్తంభమువంటిది, అనగా బుగ్గవైపున నున్నది. 1990ల చివరిభాగమునుండి దంతవైద్యమున వాడుకలోనికి వచ్చిన కోన్‌బీమ్ సీ.టీ. యంత్రము దవడను అన్ని దిక్కులనుండియు చూపుచున్నది. చిక్కైన సందర్భములందు దానిని వినియోగింతురు.

చికిత్స

బాధయు, ప్రక్కపండ్లకు హానియు, నీటితిత్తి జాడయు లేనియెడల పన్నును ఉన్నచోటనే యుండనిచ్చి, వైద్యుడు చెప్పిన గడువున మరల పరీక్షించుచుందురు. పిల్లలలో ప్రక్కపండ్ల వేళ్లు పూర్తిగా నేర్పడకముందు శస్త్రము చేసిన ఆ వేళ్లకు హాని కలుగవచ్చును గనుక కొంతకాలము వేచియుండుటయు గలదు. నొప్పి, పుచ్చు, చీము, బుగ్గపుండు, నీటితిత్తి, ప్రక్కపన్నునకు ఆటంకము వీనిలో నేదియున్నను పన్నును తీయుట మేలు. అధిక దంతము అసలు పన్నుతో నతుకుకొని పెరిగినయెడల తొందరపడి లాగరాదు. రెంటికిని లోపలి నరము ఒక్కటే కావచ్చును. అట్టిచో వేరుకాలువకు చికిత్సచేసి అసలు పన్నును నిలుపుటకు ప్రయత్నింతురు.

శస్త్రమనగా భయమేల? శస్త్రచికిత్సయందు ఈథరు మత్తును 1846లో బోస్టను నగరమున బహిరంగముగా చూపిన మార్టన్ దంతవైద్యుడే. నేడు పెక్కు సందర్భములలో మత్తు సైతము అక్కఱలేదు. 1943లో స్వీడన్ దేశమున లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకేయిన్ మందును సూదితో నెక్కించిన, ఆ చోటుమాత్రమే తిమ్మిరెక్కును. పైకి వచ్చిన పన్నును పట్టుకారుతో తీయుదురు. దాగినదానిని చిగురు కోసి, పైయెముకను కొంచెము తొలగించి, అవసరమైన పన్నును ముక్కలుచేసి తీసి, కుట్లు వేయుదురు. ఇది నేర్పరులు చేయవలసిన పని. ఏలయనగా పైదవడ వెనుకభాగమున ఎముక పలుచన. దాని పైన గాలిగది యున్నది. క్రిందిదవడలో పెదవికిని గడ్డమునకును స్పర్శనిచ్చు నరము పోవుచున్నది.

పన్ను తీసిన పిమ్మట దూదిగుడ్డను అరగంటసేపు గట్టిగా కఱచి పట్టుకొనవలెను. ఆ దినమున పుక్కిలింపరాదు, ఉమియుచుండరాదు. గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయమునకు మూత. అది కదలిన తీవ్రమైన నొప్పి కలుగును. మఱునాటినుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలింపవలెను. మెత్తని యన్నము తినవలెను. పొగాకు ఏ రూపమునను కూడదు. మధుమేహము, గుండెజబ్బు గలవారును, రక్తము పలుచబడు మందులు వాడువారును, గర్భిణులును ముందుగనే వైద్యునకు తెలుపవలెను.

అపోహలు

పైపన్ను తీయించిన కంటిచూపు పోవునను మాట మన యిండ్లలో మిక్కిలిగా వ్యాపించియున్నది. మా విద్యార్థులలో పదునైదేండ్ల బాలు డొకడు పైదవడ నొప్పిచే వారములతరబడి కుడివైపున నమలక, రాత్రులు నిద్రలేక, చదువున వెనుకబడెను. మొదటి రెండు పెద్ద దవడపండ్ల నడుమ బుగ్గవైపున నొక చిన్న పన్ను మొలచి రెండవదానిని పుచ్చజేసియుండెను. తల్లి లవంగతైలము పెట్టుచు, చూపునకై భయపడి వైద్యునొద్దకు పంపకుండెను. ఆమెకు మేము చెప్పిన సమాధానమునే ఇచ్చటను చెప్పుచున్నాము. మెదడునుండి బయలుదేరు నరములు పండ్రెండు జతలు. చూపు రెండవ జతది. పండ్ల స్పర్శ అయిదవ జతది. ఒకదానిని తాకిన మఱియొకటి చెడదు. పైపెచ్చు, చీముపట్టిన పైపన్నును చికిత్సలేక విడిచినప్పుడే, అరుదుగానైనను, ఆ చీము కంటివైపునకు ప్రాకగలదు. ఆమె యొప్పుకొనెను. అధిక దంతమును తీసి, అసలు పన్ను పుచ్చును శుభ్రపఱచి నింపిరి. బాలుడు నాలుగవనాడు తరగతికి వచ్చి, వెనుకబల్లనుండి నల్లబల్లపై వ్రాత నంతయు చదివి వినిపించెను.

పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి యైననేమి యని సామెత గలదు. పన్ను తీయించుకొనుటకు మాత్రము ఎవరి చేయియైన నేమి యనరాదు. సంతలోను బాటప్రక్కనను పండ్లు తీయువాడు ఎక్స్‌రే చూడడు, పనిముట్లను శుద్ధిచేయడు, అధిక దంతమునకు బదులుగా అసలు పన్నును లాగినను అడుగువారుండరు.

బాలబాలికలారా! నేటి రాత్రి అద్దము ముందు నోరు తెఱచి మీ పండ్లను లెక్కించుకొనుడు. తలిదండ్రులారా! ఆఱవ యేటను పండ్రెండవ యేటను బిడ్డల దవడలను తప్పక చూడుడు. సంవత్సరమున కొకసారియైనను దంతవైద్యునకు చూపింపుడు. మన దేహము దేవుడు మనకు అప్పగించిన నిక్షేపము. లెక్క చూచుకొనని గృహనిర్వాహకుని మంచి గృహనిర్వాహకు డనరు గదా!