గడ, తెడ్డు: పడవ మాటలు

ఇంజను రాకముందు పడవను నడిపినవి ముఖ్యంగా మూడు: తెడ్డు, తెరచాప, గడ. తెడ్డు నీళ్లను వెనక్కి తోస్తుంది. తెరచాప గాలిని పడుతుంది. గడ మాత్రం ఏటి అడుగుని తన్నుతుంది. అందుకే అది లోతు తక్కువ నీళ్లలోనే పనికొస్తుంది.

సంక్రాంతి సెలవుల్లో అక్క ఆఫీసు వాళ్లతో చంద్రపూర్ వైపు వర్ధా నదికి వెళ్లినప్పుడు అందరం వంతులవారీగా గడ వేసి చూశాం. నిటారుగా దించాలి. నేల తగిలాక వెనక్కి నొక్కాలి. పడవ కదలగానే కొంచెం మెలితిప్పి పైకి లాగాలి. బురదలో దిగబడితే గడను వదిలెయ్యాలి. పట్టుకుని వేలాడితే పడవ వెళ్లిపోతుంది, మనం నీళ్లలో ఉంటాం! ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ దగ్గర కామ్ నదిలో ‘పంట్’ అనే చదునైన అడుగున్న పడవను నడిపేదీ ఇలాగే.

చిక్కంతా మాట దగ్గర వచ్చింది. పడవలో తెలుగువాళ్లం, మరాఠీవాళ్లం ఉన్నా ఆ కర్రని అందరం ‘బాంబూ’ అనే అన్నాం. తెడ్డుకు మరాఠీలో ‘వల్హే’ ఉంది. ‘నావ’ రెండు భాషల్లోనూ ఉంది. మరాఠీలో దానికి ‘పేరు’ అనే అర్థం కూడా ఉంది. పడవ అనే అర్థం సంస్కృతం ‘నౌ’ నుంచి, పేరు అనే అర్థం ‘నామ’ నుంచి వచ్చాయి. ‘గడ’ మాత్రం ఇంటికొచ్చాక అమ్మమ్మ చెబితేనే తెలిసింది.

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని సామెత. వంతెనలొచ్చాక మల్లయ్యతో పాటు ఆయన పనిమాటలూ ఒడ్డునే ఉండిపోతున్నాయి. వర్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. అది కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నదుల పక్క ఊళ్ల వాళ్లు మనలో ఎవరైనా ఉంటే, గడను మీ ఇంట్లో ఏమంటారో పెద్దవాళ్లని అడిగి ఈ కాగితం కింద రాయండి.