కల్పన – జ్ఞానం: లేపాక్షి శిల్పం నుంచి ధర్మవరం మగ్గం వరకు

నిర్వచనాలు

ప్రమాణం ద్వారా కలిగే యథార్థ అవగాహన జ్ఞానం. న్యాయ దర్శనం అంగీకరించే ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఎదుట లేనిదాన్ని మనసులో రూపొందించే శక్తి కల్పన. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు కల్పన కలవని జ్ఞానాన్నే ప్రత్యక్షంగా నిర్వచించాడు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1781 నాటి గ్రంథంలో మరో వాదం చేశాడు. ఇంద్రియాలు అందించినదాన్ని కల్పనాశక్తి కూర్చకపోతే అనుభవజ్ఞానమే ఏర్పడదన్నాడు.

అలంకారశాస్త్రంలో మమ్మటుడు శక్తి (ప్రతిభ), నిపుణత, అభ్యాసం కలిసి కావ్యానికి ఒకే హేతువు అన్నాడు. కనుక పరీక్షలో ‘మూడు వేర్వేరు హేతువులు’ అనే ఐచ్ఛికం తప్పు. అభ్యర్థులు తరచూ పొరబడేది ఇక్కడే.

నేపథ్యం

కల్పన, జ్ఞానాల సంబంధానికి తెలుగు నేలపై ఉత్తమ ఉదాహరణ హిందూపురం సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం. అచ్యుతదేవరాయల పాలనలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు దీన్ని నిర్మించారు. వీరికి సంబంధమున్న పెనుకొండ అప్పటికే విజయనగర ప్రభువుల ముఖ్య దుర్గం. 1565 యుద్ధం తరువాత తిరుమలరాయల కాలంలో అదే రాజధాని అయింది.

శిల్ప, చిత్ర లక్షణాలు

కామసూత్ర వ్యాఖ్యాత యశోధరుడు చిత్రకళకు చెప్పిన షడంగాలు: రూపభేదం, ప్రమాణం (కొలత), భావం, లావణ్య యోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. రూపభేదం, ప్రమాణం, సాదృశ్యం పరిశీలనకు, కొలతకు చెందినవి. భావ, లావణ్యాలు కల్పన పక్షానివి. వర్ణికాభంగానికి రెండూ కావాలి. ఈ విభజన సౌలభ్యం కోసమే. లేపాక్షి పైకప్పు చిత్రాల్లో ఇవి విడివిడిగా కనిపించవు. అక్కడి కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం ఘట్టాలు పురాణేతిహాసాలవి. పాత్రల చీరలు, తలపాగాలు మాత్రం చిత్రకారుడు చూసిన విజయనగర కాలానివి.

ఒకే దేహానికి మూడు తలలున్న వృషభ శిల్పం మరింత స్పష్టమైన నిదర్శనం. రెండు తలలను చేత్తో మూస్తే మిగిలినది ఆ దేహానికే పుట్టినట్లు అమరుతుంది. అటువంటి జంతువు లోకంలో లేదు కనుక ఇది కల్పన. ఎద్దు మేసేటప్పుడు, తల ఎత్తినప్పుడు మెడ ఎలా వంగుతుందో తెలియనివాడు దీన్ని చెక్కలేడు. అక్కడి మూడు కాళ్ల భృంగి శిల్పానికి ఆధారం పురాణం, అంటే శబ్ద ప్రమాణం. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల ఏకశిలా నంది విషయంలో రాయిని తాకకముందే పూర్తి రూపం శిల్పి మనసులో ఉండి తీరాలి.

ఐతిహ్యం – ఆధారం

విరూపణ్ణ తన కళ్లను తానే పెరికి గోడకేసి కొట్టాడనేది, వంట పూర్తయ్యేలోపు శిల్పులు నాగలింగం చెక్కారనేది ఐతిహ్యాలు. కల్పనగా అవి రసవత్తరమైనవే. జవాబు పత్రంలో మాత్రం ‘ఐతిహ్యం ప్రకారం’ అని చేర్చకుండా రాయరాదు. ఆ ఆలయంలోని వేలాడే స్తంభం సంగతి వేరు. అడుగున సన్నని సందు ప్రత్యక్షం. బరువు పైదూలాల మీదుగా పక్క స్తంభాలకు చేరుతోందన్నది అనుమానం. అనుమానానికి మొదటి మెట్టు ఊహే. దాన్ని పరీక్షకు నిలిపితేనే జ్ఞానమవుతుంది.

ధర్మవరం మగ్గం

భౌగోళిక గుర్తింపు పొందిన ధర్మవరం పట్టుచీరల్లో లేపాక్షి నమూనాలు ప్రసిద్ధం. రాతిపై తీగ వంపు తిరిగితే సరిపోతుంది. మగ్గంపై ఆ వంపును పడుగు, పేక కలిసే చుక్కలుగా విడగొట్టాలి. డిజైనర్ గళ్ల కాగితంపై బొమ్మ నింపుతాడు. దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు పడతాయి. ఏ పడుగు పోగు లేవాలో మగ్గానికి అమర్చిన జాకార్డు పరికరానికి ఆ రంధ్రాలే చెబుతాయి. పోగుల లెక్క తెలియని ఊహ చీర కాలేదు. ఫ్రాన్స్‌లో 1804 నాటి ఈ అట్టల పద్ధతినే చార్లెస్ బాబేజ్ తన విశ్లేషణ యంత్ర రూపకల్పనలో వాడుకున్నాడు. కంప్యూటర్ చరిత్ర ప్రశ్నల్లో ఇది పనికొస్తుంది.

పరీక్షకు గుర్తుంచుకోవలసినది

లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అది ప్రపంచ వారసత్వ హోదా కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఆ హోదా పొందిన ఆలయం 2021లో ప్రకటించిన రామప్ప.