ఇల్లందు మిర్చికి లారీయా, రైలా?

ఇల్లందుకు రైలుమార్గం వచ్చినది బొగ్గు కొరకే. పరిసర గ్రామాల మిర్చి మాత్రం రోడ్డుమార్గాన ఖమ్మం మార్కెట్టుకు చేరుతుంది. అచటి నుండి దూరప్రాంతాలకు పంపునపుడు కిరాయి ఒక్కటే చూచుట చాలదు.

2020 జూలైలో గుంటూరు సమీపాన గల రెడ్డిపాలెం నుండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చి ప్రత్యేక పార్శిల్ రైలులో వెళ్ళింది. టన్నుకు రైలు ఖర్చు రూ.4,608 కాగా, రోడ్డుమార్గంలో సుమారు రూ.7,000. తేడా దాదాపు రూ.2,400. స్టేషనుకు చేరవేత, అదనపు హమాలీ కూలి, తరుగు, నిరీక్షణ వ్యయం కలిసి ఇట్టి తేడాను మించినచో లారీయే మేలు.

కొద్ది బస్తాలు గల రైతు ఒంటరిగా వ్యాగన్ నింపలేడు. కావున గ్రామాల సరుకును నాణ్యత వారీగా వేరుచేసి, ఒకే తేదీకి సమీకరించినపుడే రైలు చౌక అవుతుంది.