దంత వైద్య సభ్యత్వ కార్డులు: లాభనష్టాల లెక్క

పంటినొప్పి వచ్చిన మొదటి రోజున లవంగం, రెండవ రోజున మందుల దుకాణంలో ఇచ్చిన నొప్పి మాత్ర, మూడవ రోజున నొప్పి తగ్గిందన్న తృప్తి. అనేక ఇళ్లలో దంత వైద్యం ఇక్కడితో ముగిసిపోతుంది. కాని నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్లు కాదు. పంటి నరం చచ్చిపోయినప్పుడు కూడా నొప్పి ఆగుతుంది. పుచ్చు మాత్రం వేరు వరకు పాకి చీము పట్టిస్తుంది. చిన్న ఫిల్లింగుతో పోవలసినది రూట్ కెనాల్ దాకా, ఆపై పన్ను తీయించుకొనే దాకా వస్తుంది.

ఈ ఆలస్యానికి ఖర్చు భయమే ముఖ్య కారణం. కామాఠీపురా, వర్లీ, ధారావి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా, నిన్న మొన్న కట్టడపు పనులకై ముంబై చేరిన వారికైనా ఈ భయం ఒక్కటే. దీనికి పరిష్కారమంటూ కొన్ని ప్రైవేటు క్లినిక్కులు సభ్యత్వ కార్డులు అమ్ముతున్నాయి. వాటిని కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు ఈ పాఠంలో ఉన్నాయి.

కార్డు బీమా కాదు

బీమాలో ప్రీమియం చెల్లిస్తే, ఒప్పందం మేరకు చికిత్స ఖర్చును కంపెనీ భరిస్తుంది. సభ్యత్వ కార్డులో అటువంటి పూచీ లేదు. ఏడాదికి ఇంత రుసుము చెల్లిస్తే క్లినిక్ తన ధరలలో కొంత తగ్గిస్తుంది. మిగిలినదంతా రోగి చేతి నుండే పోతుంది. సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు మామూలు దంత చికిత్సకు చాలావరకు వర్తించవు. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరవలసి వచ్చినప్పుడే అవి సాయపడతాయి. ఆయుష్మాన్ భారత్ పథకం కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు లభించే వైద్యం కూడా ఆసుపత్రిలో చేరిన వారి కోసమే. ఓపీడీలో చేసే ఫిల్లింగుకు అది వర్తించదు.

అయినా కార్డులో ఒక మేలు ఉంది. ఉచిత పరీక్ష, ఏడాదికోసారి పళ్ల గార తీయడం వంటివి అందులో కలిసి ఉంటే, నొప్పి రాకముందే వైద్యుని వద్దకు వెళ్లే అలవాటు ఏర్పడుతుంది.

లెక్క వేసే విధానం

ఒక కార్డు రుసుము 1,500 రూపాయలు, తగ్గింపు 20 శాతం అనుకుందాం. రుసుమును తగ్గింపు శాతంతో భాగించి 100తో గుణించాలి. 7,500 వస్తుంది. అంటే ఆ ఏడాది కుటుంబ చికిత్స 7,500 రూపాయలు దాటితేనే కార్డు లాభం. ఇద్దరికి గార తీయించడానికి 2,000 అయితే మిగిలేది 400 మాత్రమే. కార్డు వల్ల నష్టం 1,100.

రూట్ కెనాల్, దానిపై క్యాప్ కలిపి 9,000 అయితే తగ్గింపు 1,800. రుసుము పోగా 300 మిగులుతుంది. అయితే పక్క వీధిలోని వైద్యుడు అదే పనికి, అదే రకం క్యాప్‌తో, కార్డు లేకుండా 7,000 తీసుకుంటే? కార్డు ఉన్నవారికి రుసుముతో కలిపి 8,700 అవుతుంది. కాబట్టి ఎంత శాతం తగ్గింపు అన్నదాని కన్నా, ఏ ధర మీద తగ్గింపు అన్నదే అసలు ప్రశ్న.

కొనే ముందు అడగవలసినవి

1. రూట్ కెనాల్, క్యాప్, పన్ను తీయడం, కట్టుడు పళ్లు: వీటిలో తగ్గింపు దేనికి ఉంది, దేనికి లేదు?
2. క్యాప్‌కు వేరే ల్యాబ్ ఖర్చు వసూలు చేస్తారా?
3. కార్డు ఎంతమందికి, ఎన్ని నెలలకు? గడువు ముగిశాక దానంతట అదే డబ్బు కోత పడుతుందా?
4. ఊరికి వెళ్లిపోతే, లేదా క్లినిక్ మూతపడితే రుసుము తిరిగి ఇస్తారా?
5. వైద్యునికి రాష్ట్ర దంత వైద్య మండలి రిజిస్ట్రేషన్ ఉందా?

జవాబులు, ధరల పట్టిక కాగితంపై తీసుకోవాలి. చెల్లించిన ప్రతి రూపాయికీ రసీదు పొందాలి. డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీం కోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

కార్డు లేని మార్గాలు

ముంబై సెంట్రల్ వద్ద నగరపాలక సంస్థ నడిపే నాయర్ ఆసుపత్రి దంత కళాశాల ఉంది. సీఎస్ఎంటీ స్టేషన్ సమీపంలో, సెయింట్ జార్జ్ ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. ఇటువంటి కళాశాలలలో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు. ఖర్చు ప్రైవేటు క్లినిక్కుల కన్నా బాగా తక్కువ. అయితే సమయం ఎక్కువ పడుతుంది, పలుమార్లు రావలసి ఉంటుంది. రోజు కూలీ చేసేవారు పోగొట్టుకొనే కూలిని కూడా లెక్కలో చేర్చుకోవాలి. ఉదయమే వెళ్లి కేస్ పేపర్ తీసుకొంటే కొంత సమయం కలిసివస్తుంది. పాత కాగితాలు, ఎక్స్‌రేలు వెంట తీసుకువెళ్లడం మంచిది.

ఈఎస్ఐ పరిధిలోని సంస్థలలో నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారికి మరో మార్గం ఉంది. వేతనంలో 0.75 శాతం ఈఎస్ఐకి కోత పడుతున్నదంటే, వైద్య సౌకర్యానికి ఆ కార్మికుడూ అతని కుటుంబమూ అర్హులే. జీతపు చీటీలో ఆ కోత ఉండి కూడా, తెలియక ప్రైవేటు కార్డు కొనడం ఒకే పనికి రెండుసార్లు చెల్లించడమే.

ఆలస్యం చేయరానివి

పొగాకు, గుట్కా, మిశ్రీ వాడేవారి నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపించినా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. అవి క్యాన్సర్‌కు ముందస్తు గుర్తులు కావచ్చు. చెంప వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా అంతే. ఇటువంటి వేళ తగ్గింపుల కోసం తిరగక, దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లడమే సరైన పని.

సాధన: కార్డు రుసుము 1,200 రూపాయలు, తగ్గింపు 15 శాతం. కార్డు లాభం కావాలంటే ఏడాది చికిత్స ఖర్చు ఎంత దాటాలి? (జవాబు: 8,000 రూపాయలు.)