ఆగిన చదువు మళ్లీ సాగాలంటే

చదువు మధ్యలో మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొందరిని పశువుల వెంట పంపారు. కొందరికి చిన్నతనంలోనే పెళ్లి చేశారు. కొందరు పదో తరగతి తప్పి, సిగ్గుపడి బడి మానేశారు. అసలు బడి మొహమే చూడనివాళ్లూ ఉన్నారు.

అక్షరాలు వచ్చాయి. పేరు రాయగలం. బస్సు బోర్డు చదవగలం. ఇక చాలా? చాలదు. చాలా ఉద్యోగాలకు పదో తరగతి సర్టిఫికెట్ అడుగుతారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవాలన్నా పది పాసై ఉండాలి. మరి పెద్దవాళ్లు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోగలరా?

అక్కర్లేదు. వాళ్ల కోసమే సార్వత్రిక విద్య ఉంది. సార్వత్రికం అంటే అందరిదీ అని అర్థం. దీన్నే ఓపెన్ స్కూల్ అంటారు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణకు వేరే విద్యాపీఠం వచ్చింది.

ఎవరు చేరవచ్చు?

పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. పై వయసుకు హద్దు లేదు. 60 ఏళ్ల అవ్వ కూడా చేరవచ్చు. బడికి వెళ్లకపోయినా, చదవడం, రాయడం, లెక్కలు వస్తే చాలు. పది పాసై 15 ఏళ్లు నిండినవాళ్లు ఇంటర్‌లో చేరవచ్చు.

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు దీని గురించే మాట్లాడుకున్నారు. వాళ్ల మాటలు చదవండి.

కోడలు: అత్తా, నేను ఓపెన్ స్కూల్లో పది కడతాను. ఏడుతోనే ఆగిపోయింది నా చదువు.

అత్త: చంటిదాన్ని వదిలి రోజూ ఎట్లా పోతావే?

కోడలు: రోజూ కాదత్తా. ఆదివారాలు, సెలవు దినాల్లోనే క్లాసులు. పుస్తకాలు వాళ్లే ఇస్తారు. మిగతాది ఇంట్లో చదువుకోవాలి.

అత్త: అన్నీ ఒక్కసారే రాయాలా? తప్పితే?

కోడలు: అయిదు సబ్జెక్టులు. ఒక్కోదాంట్లో నూటికి 35 వస్తే పాసు. పాసైనవి మళ్లీ రాయక్కర్లేదు. అయిదేళ్లలో 9 సార్లు రాసుకోవచ్చు.

అత్త: మరి మొన్న ఒకాయన వచ్చి, డబ్బులిస్తే చదవకుండానే పాస్ చేయిస్తానన్నాడే! మీ ఆయన సరేనన్నాడు కూడా.

కోడలు: అదే నా భయం. చూసి రాస్తూ దొరికితే పరీక్ష రద్దు చేస్తారు. దొంగ సర్టిఫికెట్ అయితే కేసే. నేను చదివే పాసవుతానత్తా.

అత్త: వాడికి నేను చెప్తాలే. కూలి డబ్బులు నీళ్లలో పొయ్యం. ఆదివారం చంటిదాన్ని నేను చూసుకుంటా. నువ్వు పో.

ఏమేం చదవాలి?

తెలుగు, ఇంగ్లీషు వంటి భాషలున్నాయి. గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం, అర్థశాస్త్రం, గృహ విజ్ఞానం వంటివి ఉన్నాయి. వీటిలో అయిదు ఎంచుకోవాలి. ఒక్క భాషైనా తప్పనిసరి. ఇదివరకు పది తప్పినవాళ్లు పాసైన రెండు సబ్జెక్టుల మార్కులను నిబంధనల ప్రకారం ఇక్కడికి తెచ్చుకోవచ్చు. అందుకని పాత మార్కుల మెమో జాగ్రత్తగా దాచుకోవాలి.

ఎలా చేరాలి?

దగ్గరలో ఏ హైస్కూల్లో స్టడీ సెంటర్ ఉందో ముందు అడగాలి. అక్కడ కోఆర్డినేటర్ ఉంటారు. పుట్టిన తేదీ రుజువు, ఆధార్, ఫొటోలు సిద్ధం చేసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, వికలాంగులకు ఫీజులో రాయితీ ఉంటుంది. ఫీజు, చివరి తేదీ ఏటా ప్రకటిస్తారు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. పేరు, పుట్టిన తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. తప్పు పడితే తర్వాత దిద్దించడానికి చాలా తిరగాలి.

ఇంటర్ పాసైతే డిగ్రీ కూడా చదవవచ్చు. హైదరాబాదులో 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. మన దేశంలో అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఓపెన్ స్కూల్ చదువు తేలిక చదువు కాదు. పగలంతా పనిచేసి రాత్రి పుస్తకం పట్టాలి. ఇంట్లోవాళ్లు తోడుంటేనే అది సాగుతుంది. రోజుకు ఒక్క గంట వేరుగా పెట్టుకోండి. నలుగురు కలిసి చదివితే ఇంకా మంచిది.

లెక్క చేయండి

ఒకామెకు వచ్చిన మార్కులు ఇవి: తెలుగు 52, ఇంగ్లీషు 29, గణితం 35, సైన్సు 31, సాంఘిక శాస్త్రం 40. ఆమె ఎన్ని పాసైంది? మళ్లీ ఏవి రాయాలి?

చర్చించండి

1. మీ ఊళ్లో చదువు మధ్యలో మానేసినవాళ్లు ఎవరు? ఎందుకు మానేశారు?
2. అత్త తోడుండకపోతే కోడలి చదువు ఏమయ్యేది?
3. డబ్బులిచ్చి పాసైతే ఎవరికి నష్టం?
4. మీకు దగ్గరలో ఉన్న స్టడీ సెంటర్ పేరు కనుక్కుని ఇక్కడ రాయండి: ....................