రెండో ఫైండర్ వెంట తీసుకెళ్లాలా?

విజయవాడ

చిరంజీవి అమ్ములుకి,

నీ మెసేజ్ చూశాను. అరకు ప్రయాణానికి హాసెల్‌బ్లాడ్‌తో పాటు వేస్ట్ లెవెల్ ఫైండరూ, ప్రిజం ఫైండరూ రెండూ పట్టుకెళ్తానని, ఎలా సర్దుకోవాలో చెప్పమని అడిగావు. ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా" అనేస్తావని తెలుసు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

సర్దడం సంగతి తర్వాత. ఫైండర్ కెమెరా మీద ఉన్నంతసేపు దానికి పెద్దగా దెబ్బ తగలదు, డబ్బాలో ఉన్నంతసేపూ తగలదు. దెబ్బ తగిలేదంతా అక్కణ్నుంచి ఇక్కడికి మారేటప్పుడే. బ్యాగు ఎంత ఖరీదైనది కొన్నా, దారిలో పది సార్లు ఫైండర్ మార్చేవాడికి అది అక్కరకు రాదు.

నీ 500సి/ఎం సంగతే తీసుకో. దాని మీద ఫైండర్ పైకి ఊడి రాదు, గాడిలో వెనక్కి జారి వస్తుంది. వెనక ఫిల్మ్ మ్యాగజైన్ అడ్డం ఉంటుంది కాబట్టి ముందు దాన్ని తీయాలి. మ్యాగజైన్‌లో డార్క్ స్లైడ్ దూర్చితే గానీ అది వదలదు. అంటే కెమెరా, మ్యాగజైన్, పాత ఫైండర్, కొత్త ఫైండర్ అన్నీ ఒకేసారి చేతుల్లోకి వస్తాయి. నీకున్నవి రెండు చేతులు. కిరండూల్ ప్యాసింజర్ కిటికీ పక్కన కూర్చునో, బొర్రా గుహల మెట్ల మీద నిలబడో ఆ పని పెట్టుకోకు. రాత్రి గదిలో ఫ్యాన్ ఆపి, మంచం మీద శుభ్రమైన బట్ట పరిచి, కూర్చుని మార్చు. మంచం మీదే ఎందుకంటే, జారినా పరుపు మీద పడుతుంది. మ్యాగజైన్ బయట ఉన్నంతసేపు కెమెరాని వెనక్కి వంచకు. ఫైండర్‌కి వెనకనుంచి ఆసరా ఉండదు.

ఫైండర్ రాగానే కింద ఫోకసింగ్ స్క్రీన్ బయటపడుతుంది. దాన్ని పట్టి ఉంచేవి చిన్న కొక్కేలే. అవి వేలు తగిలి పక్కకి జరిగాయో, కెమెరా తలకిందులు చేసినప్పుడు స్క్రీన్ కిందికి వచ్చేస్తుంది. నీదాంట్లో అక్యూట్ మ్యాట్ స్క్రీన్ వేసి ఉంటే మరీ జాగ్రత్త. మసక వెలుగులో కూడా బొమ్మ చక్కగా కనిపిస్తుంది గానీ దాని ప్లాస్టిక్ మీద గీత పడితే ఇక పోదు. స్పిరిట్, లెన్స్ క్లీనర్ లాంటివి దాని దరిదాపులకి తీసుకురాకు.

స్క్రీన్ మీద నలక కనిపిస్తే కంగారు పడకు. అది నీ కంటికి కనబడుతుందే తప్ప ఫిల్మ్ మీదికి రాదు. నువ్వు బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి ఆ దారి మూసేస్తుంది. బ్లోయర్‌తో రెండు సార్లు గాలి కొట్టు, పోయిందా సరే, పోలేదా ఉండనీ. నోటితో ఊదితే తుంపర పడుతుంది, చున్నీ కొసతో రుద్దితే గీతలు పడతాయి. స్క్రీన్లు దుమ్ము వల్ల పాడైనవాటికంటే తుడిచి పాడు చేసినవే నేనెక్కువ చూశాను.

ఇప్పుడు సర్దడం. వేస్ట్ లెవెల్ ఫైండర్‌ని కెమెరా మీదే ఉంచి ప్రయాణం చెయ్యి. తేలిక, ఎత్తు తక్కువ, పైగా మూస్తే స్క్రీన్‌కి అదే మూత. మూసేటప్పుడు ముందు భూతద్దాన్ని కిందికి నొక్కి, తర్వాత రేకులు మడువు. పల్చటి రేకు అది. దానిమీద లెన్సో, ఛార్జరో ఒత్తుకుంటే వంగుతుంది, వంగినది మళ్లీ తిన్నగా మూసుకోదు. అందుకని బ్యాగులో కెమెరా పైన ఇంకేమీ పెట్టకు.

ప్రిజానికి విడిగా డబ్బా. కెమెరా షాపులో వేలు పోసి కొనక్కర్లేదు. మూతకి రబ్బరు రింగు ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా చాలు, ఊరగాయ పెట్టింది మాత్రం కాదు. లోపల కొత్త ఫోమ్ ముక్కని ప్రిజం ఆకారానికి కత్తిరించు. అడుగు గాజుకీ, కన్ను పెట్టే అద్దానికీ ఫోమ్ ఆనకుండా ఒళ్లు మాత్రమే పట్టి ఉండాలి. అడుగున బిగించే ప్లాస్టిక్ మూత నీకు దొరికి ఉంటే అది పెట్టాకే డబ్బాలో పెట్టు. పాత కెమెరా కేసుల్లోంచి నల్ల ఫోమ్ పీకి వాడకు. అది ఏళ్లు గడిచాక బంకలా కరిగి గాజుకి అంటుకుంటుంది. మీటరున్న ప్రిజమైతే బ్యాటరీ తీసి చిన్న కవరులో వేసి పక్కన పెట్టు. ఇంకో మాట, ప్రిజం తగిలించాక దాన్ని పట్టుకుని కెమెరా ఎత్తకు. చూడ్డానికి పిడిలా చేతికి అందుతుంది గానీ, బరువంతా ఆ గాడి మీదే పడుతుంది.

అసలు శత్రువు తేమ. సికింద్రాబాద్‌లో రాత్రి ఏసీ బోగీ ఎక్కి, తెల్లారి విశాఖలో దిగుతావు. రాత్రంతా చల్లబడిన గాజుకి సముద్రపు గాలి తగలగానే నీరు పట్టేస్తుంది. పైన పట్టినది ఆరిపోతుంది. ప్రిజం లోపలికి చేరినది అంత త్వరగా పోదు. కాబట్టి స్టేషన్లో డబ్బా తెరవకు, జిప్ కవరులో వేసి ఉంచిన కెమెరాని కూడా బయటికి తీయకు. గాజు బయటి వేడికి వచ్చేదాకా, ఓ గంట అనుకో, ఫోన్‌తో ఫొటోలు తీసుకో. బొర్రా గుహల్లో నీళ్లు కారుతూనే ఉంటాయి, అక్కడ కూడా డబ్బా మూత మూసే ఉండాలి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వెయ్యి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ తాగేశాయని. సన్న సెగ మీద ఆరబెడితే మళ్లీ నీలం వస్తుంది. మీ అమ్మ దోసెల పెనం మీద మాత్రం పెట్టకు.

తోలు కేసు మోజు పడకు. నా స్టూడియో ఉన్న రోజుల్లో కాకినాడ నుంచి ఒకాయన ప్రిజం పట్టుకొచ్చాడు. గట్టి మనిషి, వస్తువుని ప్రాణంలా చూసుకునేవాడు. తోలు కేసులో పెట్టి, బీరువాలో పెట్టి, తాళం వేశాడు. రెండు వానాకాలాలు గడిచాక తీసి చూస్తే గాజు లోపల ఓ మూల నుంచి సాలెగూడులా ఫంగస్ అల్లుకుంది. తోలు తేమని పట్టి ఉంచుతుంది, చీకటి దానికి తోడైంది. అరకు నుంచి వచ్చాక నువ్వు కూడా ప్రిజాన్ని డబ్బాలోనే వదిలెయ్యకు.

రైల్లో బ్యాగు సీటు కింద పెట్టకు, తల దగ్గర పెట్టుకో. బస్సులో డిక్కీ సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇంతకీ రెండూ తీసుకెళ్లాలా? తీసుకెళ్లు, కానీ రోజుకి ఒకటే. సంతలో మనుషులు కదులుతుంటారు. వేస్ట్ లెవెల్‌లో బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది, నువ్వు కుడికి తిప్పబోయి ఎడమకి తిప్పుతావు. సంత రోజు ప్రిజం. కాఫీ తోటల్లో, నేల దగ్గరగా, ట్రైపాడ్ మీద అయితే వేస్ట్ లెవెల్. ఏ రోజుకేది అన్నది ముందు రోజు రాత్రే తేల్చుకో. ఒకవేళ ప్రిజం ఇంట్లోనే మర్చిపోయినా కొంపలేం మునగవు. 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో 11 వాళ్ల హాసెల్‌బ్లాడ్‌కి రిఫ్లెక్స్ ఫైండరే లేదు, ఛాతీకి తగిలించుకుని గురి అంచనాతో తీశారు.

నీతో వచ్చే స్నేహితురాలి దగ్గర పెంటాక్స్ 67 ఉందన్నావు. దాని మీటరు ప్రిజం తీరు వేరు. లెన్స్ తీసేసి, ప్రిజం బిగించి, ఆ తర్వాతే లెన్స్ పెట్టాలి. లోపల సన్నటి గొలుసు ఉంటుంది, వరస తప్పితే మీటరు సరిగా చెప్పదు, బలవంతం చేస్తే గొలుసు తెగుతుంది. బయల్దేరే ముందు ఆ అమ్మాయికి ఒకసారి చూపించు.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
మావయ్య