ప్రసూతి సెలవు – చిన్న దుకాణం లెక్క

మా కొత్తచెరువులో వానలు తప్పిన ఏడాది ఆడవాళ్లు కుట్టు మిషన్‌నో, దుకాణాన్నో, ప్రైవేటు బడినో నమ్ముకుంటారు. కాన్పు వస్తే ఆ జీతం ఏమవుతుంది?

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాల సెలవిచ్చింది. 2017 సవరణ దాన్ని, ఇద్దరు పిల్లలు ఇంకా లేని తల్లికి, పూర్తి జీతంతో 26 వారాలు చేసింది. అంతకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. పదిమంది పనిచేసే దుకాణానికీ ఇది వర్తిస్తుంది.

చిక్కల్లా డబ్బు దగ్గరే. ఆ జీతం ప్రభుత్వం కాదు, యజమాని ఇవ్వాలి. నెలకు 10,000 అయితే ఆరు నెలలకు 60,000. బదులు మనిషికి మరో జీతం. అందుకే కొందరు కొత్తగా పెళ్లయిన అమ్మాయిని పనిలోకే తీసుకోరు. ఇది అన్యాయమే. అయితే ఈఎస్‌ఐ సంగతి చాలామంది యజమానులకు తెలియదు. 21,000 లోపు జీతగాళ్లకు చందా కడుతూ ఉంటే సెలవు జీతం ఈఎస్‌ఐ సంస్థే ఇస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, అంటే పదివేలకు 325 రూపాయలు.

నలుగురైదుగురు ఉండే చోటికి, ఇంట్లో కుట్టేవారికి ఈ చట్టం చేరదు. అర్హత ఉంటే ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000, రెండోసారి ఆడపిల్లయితే 6,000 వస్తాయి. చిల్లా నలభై రోజులు నిండకముందే మిషన్ తొక్కుతున్న తల్లిని మా వీధిలోనే చూశాను. బడి ఫీజులు కడుతున్న దాతలు అలాంటి ఇంటికి మూడు నెలల బియ్యం, పప్పు కూడా చూడాలని నా మనవి.